మా ఊరికి జాసూస్‌ను తెచ్చిన సారు

మా సారు పోయారని మిషన్ దవాఖాన నుంచి కబురు వచ్చినప్పుడు నేను చాయ్ వడపోస్తున్నాను. నమ్మలేదు. ఇన్నేళ్ళు నేను చేసిన తమాషాలకు ముసలాయన ఒక్కసారే బదులు తీసుకుంటున్నాడు అనుకున్నాను. చర్చి గంట మోగాక గిన్నె కింద పెట్టాను. సారు తమాషాకు గంట కొట్టించే రకం కాదు.

మెదక్‌లో ఆయన దగ్గర చదవనివాళ్ళు తక్కువ. చదివీ ఏమీ రానివాళ్ళలో నేను మొదటివాణ్ణి. ఆయన ఇల్లు నా చాయ్ హోటల్ పక్కనే. ఇంగ్లండు సీమకు తిరిగిపోతూ ఒక దొరసాని బీరువాడు ఇంగ్లీషు జాసూసీ కథలు, అంటే దొంగల ఆనవాళ్ళు వెతికి పట్టే కథలు, ఆయనకు వదిలి వెళ్ళింది. అవన్నీ అయిపోయాక సారు ఊరుకోలేకపోయారు. ఆ కథల్లోని జాసూస్‌ను మనోహరాబాద్ స్టేషన్లో రైలు దింపి, మెదక్ పట్టుకొచ్చి, తనే కొత్త కథలు రాయడం మొదలుపెట్టారు. సీమ మంచులో తిరిగిన ఆ మనిషి సారు చేతిలో పడి జొన్నరొట్టె తిన్నాడు, మా దుమ్ముకు తుమ్మాడు, తప్పిపోయిన గొర్రెల్ని వెతికాడు.

"ఉన్న దొరలు చాలరని ఇంకో దొరను తెస్తిరేంది సారూ?" అన్నాను. మర్నాటి నుంచి కథలో ఆ దొర జాసూస్ సాబు అయ్యాడు.

"మనిషిని వాళ్ళు పుట్టించిన్రు. మనం జర తిప్పుకుంటున్నం, గంతే," అనేవారు సారు. కథలో శవం మాత్రం ఉండకూడదు. "బయటున్నయి చాలవా?" అనేవారు. నిజాం రజాకార్లు ఒక దిక్కు, వాళ్ళతో పోరాడే సంఘం ఒక దిక్కు. ఎవరి లారీ చప్పుడైనా తలుపులు మూసుకునే రోజులవి.

నేను ఊరుకుంటానా? వాన పడితే చాలు, సారు గడప మీద మట్టి చెప్పుల అడుగులు వేసి వచ్చేవాణ్ణి, ఎవడో లోపలికి పోయి తిరిగి రానట్టు. సారు వంగి చూసి, "దొంగకు కుడి చెప్పు మడమ అరిగింది. చాయ్‌ల పాలు తక్కువ పోసే అలవాటు గూడ ఉన్నట్టున్నది," అని నా హోటల్ వైపు కేక వేసేవారు.

ఆదివారం ఆరాధన అయ్యాక కథ నా హోటల్లో చదివేవారు. జాసూస్‌కు దొరికే ఆనవాలుకు ఆయన పెట్టిన మాట 'జాడ'. ఒక ఆదివారం "జాడ దొరికింది!" అని గొంతెత్తి చదివారు. బజారులో పోతున్న గాజులమ్మ ఆగింది. గాజులు అమ్ముకునే ఆ ముసలామె కొడుకు, టేక్మాల్ పోయొస్తానని బయలుదేరినవాడు, మళ్ళీ ఇంటికి రాలేదు. ఎవరు పట్టుకుపోయారో ఒక్కొక్కరిది ఒక్కో మాట. ఆమె గంప దించి, "ఎవలి జాడ సారూ? మా వోనిదేనా?" అంది.

నేనేదో అంటానని అందరూ నా వైపు చూశారు. నేను వంగి పొయ్యి ఊదాను.

సారు కాగితాలు మడిచి, "ఇంక పూర్తిగ తెల్వలేదమ్మా. వచ్చే ఆదివారం రాండ్రి," అన్నారు.

అప్పటి నుంచి కథల్లో జాసూస్ సాబుకు ఆమె కొడుకును వెతకడం తప్ప వేరే పని లేదు. బాటలో ఒక బండివాడు ఆ పిల్లవాణ్ణి చూశానన్నాడు. ఒక దర్జీ చినిగిన అంగీ కుట్టి ఇచ్చానన్నాడు. "ముండ్లల్ల పడి పోయినట్టున్నడు," అని గొణుక్కుంటూ గాజులమ్మ గంప ఎత్తుకునేది. ఆ మాటలు పట్టుకునే వారమంతా గాజులు అమ్మేది, అన్నం తినేది.

పోలీస్ యాక్షన్ అయింది, రజాకార్లు పోయారు. అక్కడక్కడా దాక్కున్నవాళ్ళు ఇళ్ళకు చేరారు. ఆమె కొడుకు రాలేదు.

"గిట్ల ఎన్నొద్దులు నడిపిస్తరు సారూ? పోరడు సచ్చిండని ఊరంత అంటున్నది," అన్నాను.

"నువ్వు చూసినవా?"

"లే."

"చూడని సావుకు సాక్ష్యం ఎందుకు చెప్తవు? జాసూస్ సాబు చెప్పడు." సారు కలం కింద పెట్టారు. "నేను ఆపిన్నాడు ఆమె ఏమైతదోనని నాకూ భయమే."

దవాఖానలో మంచం మీద నుంచి ఆయన నాతో అన్న చివరి మాట: "సాబును స్టేషన్ దిక్కు పోనియ్యకు. రైలెక్కిండంటే మళ్ల రాడు."

మట్టి ఇచ్చిన తర్వాత వచ్చిన ఆదివారం, సారు కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. గాజులమ్మ వచ్చి దాని ముందే గంప దించింది.

"సారు పోయిండు బిడ్డా. మరి సాబు? గాయన గూడ పోయిండా?"

అబద్ధాల మీదనే బతికినవాణ్ణి. ఒక్కటి నోటికి రావడానికి చెమట పట్టింది.

"ఉన్నడమ్మా."

"ఏడ?"

"శివ్వంపేట బాటల. జర ఆగిండు."

"ఎందుకాగిండు?"

"చెప్పుల రాయి పడ్డది."

గాజులమ్మ ఆ కుర్చీనే చూస్తూ ఆలోచించింది. "ఆ ఒక్క చెప్పు చేత పట్టుకొని నడ్వమను. మా వోడు గట్లనే నడుస్తడు," అంది.

నిన్న వాన పడింది. తాళం వేసిన సారు ఇంటి గడప మీద మట్టి అడుగులు, లోపలికే పోతున్నట్టు. ఒకటి చెప్పుది, ఒకటి ఉత్త కాలిది. ఊరంతా నా పనే అంటున్నది. మీరూ అనుకోండి. నేను మాత్రం రెండు తట్టలు తెచ్చి ఆ అడుగుల మీద బోర్లించాను, ఆదివారం దాకా చెరిగిపోకుండా.