అటకమీది పదకొండు కన్నాలు

నయాపైసలు కొత్తగా వచ్చిన ఏడాది, జగ్గయ్యపేటలో మా పెంకుటింటి అటకమీద ఎలుకలు విత్తనపు జొన్నల్ని పట్టుకున్నాయి. నా చదువు నాలుగో తరగతి దాటలేదు. లెక్కలు మాత్రం సొంతంగా నేర్చుకుని, సున్నపురాయి క్వారీలో బండ్లు లెక్కపెట్టే పనిలో ఉండేవాణ్ణి. ఇంట్లోనూ అదే తీరు. రోజూ పొద్దున్నే నిచ్చెనెక్కి, అటక ఊడ్చి, ఎలుక పెంటికలు లెక్కపెట్టేవాణ్ణి. మొదటిరోజు నలభై మూడు. గోడకూ కప్పుకూ మధ్య పదకొండు కన్నాలు కనబడ్డాయి. ఒక ఆదివారం గాజు పెంకులు కలిపిన సున్నంతో పదకొండూ పూడ్చేశాను.

మర్నాడు ఇరవై ఆరు. తర్వాత తొమ్మిది. నాలుగోరోజు ఒక్కటీ లేదు. మా అమ్మతో గొప్పగా చెప్పుకున్నాను.

అయిదోరోజు జొన్నల కుండ వెనక చెయ్యి పెడితే పల్చగా, పొడిగా ఏదో వేళ్ళకు తగిలింది. పాము కుబుసం. కొలిస్తే అయిదున్నర జానలుంది. ఊడ్చేటప్పుడు ఆ కుండ ఎన్నడూ జరపలేదు గనక అది ఎప్పటిదో తెలియదు.

నా అంకెలు తప్పు కాదు. వాటిని దించింది నా సున్నం కాదేమో, ఎలుకల్ని తిన్న పామేమో. పాము నేను కన్నాలు పూడ్చకముందే వెళ్ళిపోయిందా, లోపలే ఉండిపోయిందా? లోపలుంటే దానికిక తినడానికి ఏమీ మిగల్లేదు. దిగడానికి ఒక్కటే దారి, నిచ్చెన వేసే కంత. ఆ కంత పక్క దూలానికే మా మూణ్ణెల్ల పిల్ల ఉయ్యాల తాళ్ళు కట్టి ఉన్నాయి.

కిందికి దిగి నేను నోరు తెరవకముందే మా ఆవిడ నా చేతిలోది చూసింది. పిల్లను ఎత్తుకుని వసారాలోకి నడిచింది.

"పురుగు లోపలుందా, బయటుందా? అది చెప్పండి," అంది. మా ఇంట్లో పామును పేరుపెట్టి పిలవరు.

తెలియదన్నాను.

"పెంటికలు లెక్కబెట్టావుగదరా," అంది మా అమ్మ. "మూసేముందు దాన్నీ అడగాల్సింది, ఉంటావా పోతావా అని."

తల్లీపిల్లల్ని నందిగామలో మా అత్తవారింటికి పంపుదామంటే, ముసురుకు దారిలో వాగు పొంగి బస్సులు ఆగిపోయాయి. వసారా కురుస్తోంది. ఉయ్యాల విప్పేసి, పిల్లను ముగ్గురం వంతులవారీగా ఒళ్ళో పెట్టుకున్నాం. పొడుగాటి వెదురుతో అటకంతా పొడిచాను. ఏదీ కదల్లేదు. దాంతో ధైర్యమేమీ రాలేదు.

చివరికి పెరటివైపు కన్నం ఒకటి ఉలితో తవ్వి తెరిచాను. దాని ముందు జల్లించిన బూడిద పరిచాను. మర్నాడు పొద్దున బూడిదలో ఒకే ఒక్క వంకర గీత ఉంది.

"పోయినట్టేనా?" అంది మా ఆవిడ.

అవుననబోయి ఆగాను. పాము ముందునుంచీ లోపలే ఉంటే, ఆ గీత అది బయటికి పోయిన జాడ. ముందు బయట ఉంటే, నేను తెరిచిన కన్నంలోంచే లోపలికి వచ్చింది. గీతను చూసి ఎటు పోయిందో చెప్పలేం. క్వారీలో లోపలికెళ్ళే బండ్లు, బయటికొచ్చేవి వేరే వేరే వరుసల్లో రాసేవాణ్ణి. ఇక్కడ మొదటి అంకే నా దగ్గర లేదు. ఆ మాట ఆమెకు చెప్పాలంటే భయమేసింది. చెప్పకుండా ఉండాలంటే ఇంకా భయమేసింది. చెప్పాను.

ఆమె పిల్లను రెండో భుజమ్మీదికి మార్చుకుంది. "అయితే ఎలకల్ని రానియ్యండి. అవి తిరుగుతున్నాయంటే అది లేనట్టేగా," అంది.

ఆ కన్నం దగ్గర గుప్పెడు విత్తనపు జొన్నలు నేనే పోసి వచ్చాను. రోజూ పొద్దున ముందు వెదురు పైకి పోనిచ్చి, ఆ తర్వాతే తల పెట్టేవాణ్ణి. మూడు రోజులు ఏమీ లేదు. నాలుగోరోజు మూడు పెంటికలు. తర్వాత ఎనిమిది. పద్నాలుగు అని చెప్పినరోజు ఆమే ఉయ్యాల కట్టింది, కంతకు దూరంగా, వేరే దూలానికి.

ఆ కన్నం మళ్ళీ మూయలేదు. ఆ ఏడాది విత్తనంలో పావువంతు ఎలుకలకే పోయింది. పిల్ల నిద్రపోతుంటే పైన పరుగుల చప్పుడు వినబడుతూ ఉండేది. అది ఆగినప్పుడల్లా నేను ఉయ్యాల తాళ్ళవైపు చూసేవాణ్ణి.