ఎగైలాలో ఒకే ఒక్క సంతకం

శుక్రవారం ఉదయం ఏడున్నరకు కువైట్‌లో, ఫర్వానియాలోని నా గదికి తాళం వేసి బయలుదేరాను. భుజాన సంచిలో సంతకాల ఆల్బమ్, రెండు పెన్నులు, కొత్త బేస్‌బాల్ బంతి, ఒక కిలో కమలాపళ్ళు ఉన్నాయి. చలి పూర్తిగా పోలేదు. స్వెట్టర్ వేసుకోవాలా వద్దా అని తలుపు దగ్గర కాసేపు తటపటాయించి, చివరికి వేసుకునే వెళ్ళాను.

ప్రయాణం దేనికో ముందు చెప్పాలి. నాది రాయచోటి దగ్గర పల్లె. దజీజ్‌లో ఒక కార్గో ఆఫీసులో సామాను పెట్టెల్లో సర్ది, తూకం వేసి, చీటీలు అంటించే పని చేస్తాను. ఆటగాళ్ళ సంతకాలు సేకరించడం స్కూల్లో వాలీబాల్ ఆడే రోజుల నుంచీ ఉన్న పిచ్చి. ఆరేళ్ళ కిందట ఇంటికి సామాను పంపుకోవడానికి వచ్చిన ఒక నల్ల అమెరికన్, నేను పెట్టెలు కడుతున్నంతసేపూ బేస్‌బాల్ ఆడిన తన తాత గురించి చెప్పాడు. ఒకప్పుడు అక్కడ తెల్లవాళ్ళ బేస్‌బాల్ జట్లలోకి నల్లవాళ్ళను రానిచ్చేవారు కారట. వాళ్ళు తమ జట్లు తామే కట్టుకుని, తమ లీగులు తామే నడుపుకుని, ఊరూరా బస్సుల్లో తిరిగి ఆడారట. ఆ మాటలు నా మనసులో నాటుకుపోయాయి. అప్పటి ఆటగాళ్ళలో ఇంకా ఉన్నవాళ్ళెవరో ఫోన్‌లో వెతికి, ఆఫీసు పోస్టు బాక్సు చిరునామాతో ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాను. కొన్ని ఉత్తరాలు తిరిగి వచ్చేవి. కొన్నింటికి, ఆయన పోయారని పిల్లలు జవాబు రాసేవారు. ఆరేళ్ళలో తొమ్మిది సంతకాలు వచ్చాయి. కానీ ఆ మనుషుల్లో ఒక్కరినైనా కళ్ళారా చూడలేదు.

ఆ అవకాశం రాజోలు నుంచి వచ్చిన గ్రేసమ్మ వల్ల దొరికింది. ఎగైలాలో ఒక అమెరికన్ టీచరమ్మ ఇంట్లో, ఆవిడ ముసలి తండ్రిని చూసుకోవడం గ్రేసమ్మ పని. నాలుగు రోజుల కిందట ఊరికి పెట్టె పంపడానికి మా ఆఫీసుకు వచ్చి, నా బల్ల మీద ఉన్న ఒక పాత ఆటగాడి ఫోటో చూసి ఆగిపోయింది. "ఇలాంటి టోపీయే ఎట్టుకుని నేను చూసుకునే తాతగారు కూడా ఫోటో దిగారండి. కుర్రతనంలో బంతులిసిరేవారంట" అంది. ఆ తాతగారు వచ్చే ఆదివారం అమెరికా వెళ్ళిపోతున్నారని, మళ్ళీ రారని కూడా చెప్పింది. అంటే నాకు మిగిలింది ఈ శుక్రవారం ఒక్కటే.

ఎనిమిదింటికి ఫర్వానియాలో మన కడపవాళ్ళ హోటల్లో ఉగ్గాని, బజ్జి తిని టీ తాగాను. ఎనిమిదిన్నరకు ఫహాహీల్ వైపు వెళ్ళే బస్సు దొరికింది. సెలవురోజు కావడంతో సీట్లు ఖాళీగా ఉన్నాయి. రెండు స్టాపుల తరువాత ఒక పెద్దావిడ ఎక్కి నా ముందు సీట్లో కూర్చుంది. ఫోన్‌లో నా మాట విని ఊరు పోల్చుకుంది. ఆవిడది పుల్లంపేట. ఇరవై ఏళ్ళుగా ఒకే ఇంట్లో వంటపని.

"యాడికి బోతాండావు నాయనా, పండగకు పోయినట్టు పండ్లు ఎత్తుకోని?"

చెప్పాను. ఆవిడ చాలాసేపు నమ్మలేదు.

"సంతకం కోసరమా ఇంత దూరం? నాకు తెలిసి సంతకం అంటే ఈడ ఉండేదానికి ఇచ్చే ఇఖామా కాయితానికే. అదీ మా ఇంటాయన, కఫీలే పెడతాడు. నాది ఏలిముద్ర" అని బొటనవేలు చూపించి నవ్వింది. దిగేటప్పుడు మాత్రం, "ముసిలాయన కదా, తొందర పెట్టగాకు" అని చెప్పి వెళ్ళింది. ఇలాంటి పని మీద వెళ్ళేవాళ్ళకు అంతకన్నా మంచి సలహా నేనూ ఇవ్వలేను.

తొమ్మిదిన్నరకు ఎగైలాలో మాల్ దగ్గర దిగాను. గ్రేసమ్మ పంపిన లొకేషన్ పట్టుకుని పదిహేను నిమిషాలు నడిస్తే నాలుగంతస్తుల భవనం వచ్చింది. ఆవిడ కిందే నిలబడి ఉంది. మొహంలో ఉత్సాహం లేదు.

"మేడం గారు వద్దంటన్నారండి. కిందటేడు ఎవరో వచ్చి డజను బంతుల మీద సంతకాలెట్టించుకుని అమ్మేసుకున్నారంట. ఆ తరవాత తాతగారి చెయ్యి వారం పాటు లేవలేదంటండి."

"నేను అమ్మేవాణ్ణి కాదని చెప్పలేదా?"

"చెప్పానండి. మీరే చెప్పుకోండి. ఆవిడ మంచావిడే. నేనిదివరకు చేసిన కువైటీ ఇంట్లో యజమానురాల్ని మామా అనేదాన్ని. ఈవిడ పేరెట్టి పిలవమంటారు. నాకే నోరు రాదు."

మూడో అంతస్తులో తలుపు తీసిన ఆ టీచరమ్మ, డెనీస్ గారికి అరవై దాటి ఉంటాయి. హాలంతా అట్టపెట్టెలు. వాటికి టేపు వంకరగా అంటించి ఉంది. నేను ఏం మాట్లాడాలో తెలియక, "ఈ పెట్టె అడుగు ఊడిపోతుందండి" అన్నాను. అది నా వృత్తి కదా. ఆవిడ అనుమతి అడిగి, పెట్టె తిరగేసి, అడుగున అడ్డంగా నిలువుగా టేపు వేసి కట్టాను. అలా నాలుగు పెట్టెలు కట్టేసరికి ఆవిడ కాఫీ ఇచ్చింది.

"పది నిమిషాలు. ఒకే ఒక్క సంతకం" అంది.

ఆవిడ తండ్రి ఎలైజా గారు కిటికీ పక్కన చక్రాల కుర్చీలో ఉన్నారు. తొంభై దాటిన మనిషి. ఒళ్ళు ఎండిపోయినా చేతులు మాత్రం ఇంకా పెద్దవిగా ఉన్నాయి. నేను వంగి నమస్కారం పెడితే ఆయన ఆ పెద్ద చేత్తో నా చెయ్యి పట్టుకుని, చాలాసేపు వదల్లేదు. ఎప్పుడో ఉత్తరాల చివర చూసిన సిరా గీతల వెనక ఇలాంటి చేతులు ఉంటాయని ఆ క్షణం వరకు నాకు తట్టలేదు.

"ఎక్కణ్ణుంచి వచ్చావు?" అని అడిగారు. ఫర్వానియా అంటే, అది కాదు, అసలు ఊరు చెప్పమన్నారు. రాయచోటి అన్నాను. ఆయన రెండుసార్లు పలికి చూశారు.

పంతొమ్మిదో ఏట జట్టులో చేరారట. అప్పటికే ఆ లీగులు చివరి దశకు వచ్చాయి. మంచి ఆటగాళ్ళను పెద్ద జట్లు పట్టుకుపోతున్నాయి. మిగిలినవాళ్ళు పాత బస్సులో ఊళ్ళు తిరిగేవారు. "హోటళ్ళలో మాకు గది ఇచ్చేవారు కారు. బస్సులోనే పడుకునేవాళ్ళం. రిజిస్టరులో సంతకం పెట్టమని ఎవరూ అడగలేదు. అందుకే ఇప్పుడు ఎవరడిగినా కాదనలేను. మా అమ్మాయికి కోపం" అన్నారు.

నేను ఆల్బమ్ తెరిచాను. ఒక్కొక్క పేజీ దగ్గర ఆగి, తెలిసినవాళ్ళ పేరు పైకి చదివి, తెలియనివాళ్ళను దాటేశారు. ఆరో పేజీలో రూఫస్ అనే ఆటగాడి ఫోటో ఉంది. నా ఉత్తరం చేరేసరికే ఆయన పోయారు. ఇంట్లో మిగిలిన పాత ఫోటోను, సంతకంతో సహా, మనవరాలు పంపింది. తొమ్మిదింటిలోకీ అందమైన సంతకం అదే. ఎలైజా గారు కళ్ళజోడు తెప్పించుకుని, ఫోటో దగ్గరగా పట్టుకుని చూశారు.

"ఇది రూఫస్ రాసింది కాదు."

నేనూ వంగి ఆ సంతకం మళ్ళీ చూశాను. గ్రేసమ్మకు కూడా అర్థమై నా వైపు చూసింది.

"వాడికి అప్పుడు రాయడం రాదు. పిల్లలు కాగితాలు తెస్తే, ఉండండి పెన్ను తెస్తానని లోపలికి పట్టుకెళ్ళేవాడు. లోపల వాళ్ళక్క ఒడెస్సా రాసిచ్చేది. గేటు దగ్గర టిక్కెట్లు అమ్మేది ఆవిడే. మా చొక్కాల మీద పేర్లు కుట్టేదీ ఆవిడే. ఈ ఆర్ అక్షరం తోక చూడు, చొక్కా మీద కూడా ఇలాగే కుట్టేది. జట్టులో అందరికీ తెలుసు. ఒక్కడూ బయట చెప్పలేదు."

"తరవాత ఆయన రాయడం నేర్చుకున్నారా?"

"నేర్చుకున్నాడు. బస్సులో ఒడెస్సాయే నేర్పింది. వాడు నేర్చుకునేసరికి మమ్మల్ని సంతకాలు అడిగేవాళ్ళు లేకుండా పోయారు."

డెనీస్ గారు పెట్టెల దగ్గర నుంచి లేచి వచ్చి తండ్రి భుజం మీద చెయ్యి వేసింది. ఈ సంగతి ఆవిడా వినలేదట.

అప్పుడు ఆయన నా వైపు తిరిగి, "ఒక్కటే పెట్టాలని మా అమ్మాయి రూలు. బంతి మీద పెట్టనా? లేకపోతే ఈ ఫోటో వెనక, ఈ రాత ఎవరిదో రాసి పెట్టనా?" అని అడిగారు.

బంతి మీద సంతకం కోసమే ఇన్నాళ్ళు ఆశపడ్డాను. సంతకాలు సేకరించేవాళ్ళకు తెలుసు, బంతికున్న విలువ కాగితానికి ఉండదు. పైగా ఆ ఫోటో వెనక నిజం రాస్తే, రూఫస్ సంతకంగా దానికున్న విలువ కూడా పోతుంది. సంచిలో చెయ్యి పెట్టి బంతిని పట్టుకునే ఉన్నాను. కానీ ఈ సంగతి తెలిసిన మనిషి ఎల్లుండి విమానం ఎక్కుతున్నాడు. ఆయన తరువాత చెప్పేవాళ్ళు ఎవరున్నారు?

"ఫోటో వెనక రాయండి" అన్నాను.

రాయడానికి పావుగంట పట్టింది. గ్రేసమ్మ మోచేయి కింద దిండు పెట్టింది. ప్రతి రెండు మాటలకూ ఆగి, వేళ్ళు చాచి, మళ్ళీ పెన్ను పట్టుకున్నారు. 'ఈ పేరు రాసింది రూఫస్ అక్క ఒడెస్సా. మా అందరి పేర్లూ ఆవిడే కుట్టింది. నేను చూశాను.' దాని కింద ఆయన సంతకం పెట్టారు. చెయ్యి అలిసి చివరి అక్షరం కిందికి జారింది. సరిదిద్దబోతే నేనే వద్దన్నాను.

పదకొండు దాటింది. పది నిమిషాల మాట ఎవరికీ గుర్తులేదు. కమలాలు వలిచి తిన్నాం. బంతి మిగిలిపోయింది కదా, దాన్నేం చేస్తావని అడిగారు. నేను ఒక్కసారైనా ఆ ఆట ఆడలేదని చెబితే ఆయన నిజంగానే నొచ్చుకున్నారు. అందరం లిఫ్టులో కిందికి దిగి, కారు పార్కింగ్ నీడలోకి వెళ్ళాం. చూపుడువేలు, మధ్యవేలు బంతి కుట్ల మీద ఎలా పెట్టాలో, మణికట్టు ఎప్పుడు తిప్పాలో చేత్తో పట్టుకుని చూపించారు. తరువాత నన్ను పదడుగుల దూరంలో మోకాళ్ళ మీద కూర్చోబెట్టి కుర్చీలోంచే విసిరారు. మొదటిది నేల మీద దొర్లింది. రెండోది పక్కకు పోయి ఎవరిదో కారు చక్రానికి తగిలింది. మూడోది సూటిగా వచ్చి నా అరచేతిలో చురుక్కుమని పడింది.

"కాస్త నెమ్మదిగా ఇసరండి తాతగారూ, ఆయన రేపు పెట్టెలు కట్టుకోవాలి" అంది గ్రేసమ్మ తెలుగులోనే. ఆయనకు ఏం అర్థమైందో కానీ గట్టిగా నవ్వారు.

భోజనానికి ఉండమన్నారు. గ్రేసమ్మ వండిన రొయ్యల ఇగురు, అన్నం. ఆయనకు మాత్రం సూపు. రెండున్నరకు ఆయన కుర్చీలోనే నిద్రలోకి జారుకున్నారు. లేపి వీడ్కోలు చెప్పాలనిపించలేదు. పెట్టెలన్నీ మరోసారి సరిచూసి, డెనీస్ గారి దగ్గర సెలవు తీసుకున్నాను. ఆవిడ తలుపు దాకా వచ్చి, ఉత్తరం రాస్తే తానే చదివి వినిపిస్తానంది.

మూడుంబావుకు బస్సెక్కాను. నా పక్కన సిరిసిల్ల నుంచి వచ్చిన ఒక ఏసీ మెకానిక్ కూర్చున్నాడు. మట్టి అంటిన బంతి నా చేతిలో చూసి ఏంటని అడిగితే, దారంతా అతనికి కథ చెప్పాను. ఆల్బమ్ తీసి ఫోటో ముందూ వెనకా చూపించాను. ఒక ఆటగాడి సంతకం తెచ్చుకుందామని వెళ్ళినవాణ్ణి, ఎవరూ పేరు రాసిపెట్టుకోని ఒక ఆడమనిషిని కూడా వెంటబెట్టుకుని వస్తున్నానన్నాను. అలసట ఉంది, అరచెయ్యి ఎర్రగా కందింది. అయినా ఈ దేశంలో గడిపిన పన్నెండేళ్ళలో ఇంత తృప్తిగా గదికి వెళ్ళిన సెలవురోజు ఇంకొకటి గుర్తుకు రాలేదు.

అతను అంతా విని, ఫోటో జాగ్రత్తగా తిరిగిచ్చి, "మంచిగుందన్నా. మరి ఆ తాత ఆటల గెలిచిండా?" అని అడిగాడు.

నాలుగు గంటలకు పైగా ఆయన దగ్గర కూర్చున్నాను. ఆ ఒక్కటి అడగాలని తోచనే లేదు.