సోమ, బుధ, శుక్రవారాలు

గవరపాలెంలో ఇరవై ఆరేళ్ళు కాపురమున్నా వరదానానికి తెలిసినవి రెండే దారులు. రోజూ సైకిలెక్కి బెల్లం మార్కెట్టుకి వెళ్ళి దిమ్మలు మోసేవాడు. ఆదివారం భార్య దీవెనమ్మను వెనక కూర్చోబెట్టుకుని చర్చికి వెళ్ళేవాడు.

2003లో దీవెనమ్మకు క్షయ అని తేలింది. ఆరునెలల పాటు సోమ, బుధ, శుక్రవారాలు ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి, నర్సు ఎదుట మాత్రలు మింగాలి. రెండు నెలలకే దగ్గు ఆగింది, ఒళ్ళు చేసింది. "తగ్గిపోనాది" అందామె. అతను నమ్మాడు. ఆమె మందు మానేసిన సంగతి, దగ్గు తిరగబెట్టి రక్తం పడ్డాకగానీ తెలియలేదు. మరుసటి వేసవిలో పోయింది.

పరామర్శకు వచ్చిన నర్సు బిందుమాధవి తలొంచుకుని అంది: "మందుకి రాటం మానేసిందని రెండుసార్లు కబురెట్టబోయేను బాబాయ్. మీ ఇల్లెక్కడో తెలిసినోలు దొరకలేదు."

వారం తిరిగాక వరదానం ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాడు. "మందు మానేసినోల ఇల్లు నాను కనిపెడతానమ్మా. ఆల మందులు నాకియ్యి" అన్నాడు.

అలా మొదలైంది. మార్కెట్టు పని అయ్యాక సైకిలు మీద సందు సందూ తిరిగేవాడు. తన వీధికి రెండు వీధుల అవతల రేకుల ఇళ్ళ వరస ఒకటుందని, అందులో ముగ్గురు దగ్గుతూ బతుకుతున్నారని అప్పుడే చూశాడు. అందరూ రానివ్వలేదు. "మా ఇంట్లో ఎవులికీ దగ్గు లేదు. పక్కోలు సూత్తన్నారు, ఎలిపో" అని కనకమహాలక్ష్మి అనే ఆవిడ తలుపు వేసేసింది. ఆ తర్వాత నుంచి సైకిలు సందు మొదట్లోనే ఆపి నడిచి వెళ్ళేవాడు. నెల తర్వాత ఆవిడే పెరటి తలుపు తీసి, లోపల పడుకున్న మొగుణ్ణి చూపించింది.

మార్కెట్టులో తనతో పాటు మోతపని చేసిన నూకరాజు మాత్రం మొండివాడు. తాగేవాడు, మాత్రలు దాచేసేవాడు. వరదానం వచ్చి ఎదురుగా కూర్చుంటేనే మింగేవాడు. పెళ్ళాం కాసులమ్మ నీళ్ళ చెంబు పట్టుకుని నిలబడేది. చెరుకు కోతలకు ఇద్దరూ మునగపాక వెళ్ళిపోతే, వరదానం అక్కడికీ సైకిలు తొక్కాడు.

"ఈలందరి ముందూ వద్దు బావా" అని నూకరాజు బండి చాటుకు తీసుకెళ్ళాడు. మింగేక నవ్వాడు. "నీకేటి పిచ్చి? నానేటి నీకు?"

"ఏటీ కావు. మింగేవు కదా, సాలు" అన్నాడు వరదానం.

ఫిబ్రవరిలో మునగపాక నుంచి వస్తూ, చెరుకు బండికి దారి ఇవ్వబోయి కాలవలో పడ్డాడు. కాలి ఎముక విరిగింది. ఆరు వారాలు మంచం. ఊళ్ళో వాళ్ళ మందులు బిందుమాధవి చూసుకుంది. నూకరాజు మందుపెట్టెను మాత్రం వరదానం మునగపాక వెళ్ళేవాళ్ళ చేతికిచ్చి పంపించాడు. సగం పైగా వాడాడు కదా, ఇక తనే వేసుకుంటాడులే అనుకున్నాడు.

కాలు నేల మీద ఆనించగలిగేసరికి నూకరాజు పోయి నాలుగు రోజులైంది.

మునగపాక నుంచి తిరిగొచ్చేసిన కాసులమ్మ తన రేకుల ఇంటి ముందు కూర్చుని ఉంది. వరదానం కర్ర ఊతంతో వెళ్ళి గుమ్మంలో చతికిలబడ్డాడు. ఆమె లోపలికెళ్ళి మందుపెట్టె తెచ్చి అతని ముందు పెట్టింది. పంపిన నాటి నుంచి అందులో ఒక్క మాత్ర కూడా తీయలేదు.

"ఏసుకోమని ఏడిసేనన్నయ్యా. బావ వచ్చేక ఏసుకుంతాననీవోడు. సోమారం వత్తే రోడ్డు మీదకెల్లి కూకునీవోడు."

వరదానం తన ఇంట్లో ఆనాడు అడగవలసిన మాట అడగలేదు. ఇక్కడ రావలసిన రోజున రాలేదు. రెండూ కలిసి గుండెల మీద కూర్చున్నాయి. మొహం తుడుచుకుని లేవబోయాడు.

కాసులమ్మ దగ్గింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు దగ్గింది.

"నాకూ నెల్లాళ్ళ నుంచి ఇలాగే ఉంది" అంది. "ఎవులికీ సెప్పలేదు."

మర్నాడు ఆమెను రిక్షాలో కఫం పరీక్షకు తీసుకెళ్ళాడు. కాసులమ్మకు ఆరునెలలు మందు నడిచింది. కాలు వంకరగా అతుక్కుని సైకిలు తొక్కలేక, వరదానం దాన్నే ఊతంగా నడిపించుకుంటూ ఆమె ఇంటికి వెళ్ళేవాడు. ఆమె బతికింది. ఆఖరి శుక్రవారం మాత్రలు మింగి, "నాను ఉన్నాను, ఆడు లేడు" అంది. వరదానం ఆమె పక్కనే కూర్చుని చీకటిపడేదాకా ఏడ్చాడు.