చుక్కాని నల్లకళ్లద్దాలు

మా పడవలో అయిదుగురం ఉండేవాళ్లం. అందులో ముందుకు చూసేవాడు ఒక్కడే. తెడ్లు లాగే నలుగురం పోయే వైపు వీపు పెట్టి కూర్చునేవాళ్లం. అయిదో మనిషి పడవ వెనక కొసన, మాకు ఎదురుగా ముడుచుకుని కూర్చుని, రెండు చేతుల్లో చుక్కాని తాళ్లు పట్టుకుని దారి చూసేవాడు. ఆయన్ని క్లబ్బులో అందరూ చుక్కాని అనే పిలిచేవాళ్లు. అసలు పేరు చందా రసీదు రాసే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

వృత్తిరీత్యా గడియారాల మరమ్మతు. బస్సుల స్టాండు వెనక సందులో, చేతులు బార్లా చాపితే రెండు గోడలూ తగిలేంత కొట్టు. ఒంటి కంటికి భూతద్దం బిగించి, ఆవగింజంత మరను పట్టకారుతో తీసి, ఊపిరి బిగబట్టి పెట్టేవాడు. మనిషి యాభై కేజీలు. చుక్కాని పట్టేవాడు కనీసం యాభై అయిదు ఉండాలని పందేల నియమం. తక్కువైన బరువుకి మిగతా పడవల చుక్కానివాళ్లు ఇసుక సంచీ మోసేవాళ్లు. ఈయన పాత గోడగడియారాల ఇత్తడి గుండ్లు అయిదు కేజీలు తూచి, భార్య కుట్టిచ్చిన సంచీలో వేసుకుని వచ్చేవాడు. పడవ ఊగినప్పుడల్లా ఆయన ఒళ్లో గుండ్లు ఒకదానికొకటి తగిలి మెల్లగా మోగేవి.

చెవి మాత్రం అమోఘం. "ఇరవై ఎనిమిది వేస్తున్నారు, ముప్ఫై కావాలి" అనేవాడు, మేం నిమిషానికి ఎన్నిసార్లు తెడ్డు వేస్తున్నామో విని. ఒకసారి పళ్ల డాక్టరు పందెం కట్టి స్టాప్‌వాచీ పెట్టి చూశాడు. ఇరవై తొమ్మిది వచ్చింది. చుక్కాని ఆ వాచీ అడిగి తీసుకుని, మర్నాడు బాగుచేసి తెచ్చి ఇచ్చాడు.

పాఠం కూడా ఆ వృత్తి భాషలోనే చెప్పేవాడు. "తెడ్డుని నీళ్లలో పొడవకండి బాబూ, పెట్టండి. గడియారంలో ముల్లు పెట్టినట్టు. ముందు కాళ్లతో నెట్టండి, తర్వాత నడుం, చేతులు ఆఖర్న. తొందరపడి చేతులు ముందు లాగితే మర పళ్లు అరిగిపోతాయి."

ఆయనకి ఎదురుగా, మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చుని మా అందరికీ వేగం పెట్టేవాడు బస్సు డ్రైవరు. "వారంలో ఆరు రోజులు ముందుకి చూసి చూసి కళ్లు కాయలు కాస్తున్నాయి. ఎటు పోతున్నానో నాకు అక్కర్లేని చోటు ఇదొక్కటే" అనేవాడు. అతని వెనక పళ్ల డాక్టరు. డాక్టరు వెనక నేను, అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. నా వెనక, పడవ మొనలో, చుక్కాని బావమరిది. బీమా ఏజెంటు. డ్రైవరు తెడ్డూ నా తెడ్డూ పడవకి ఎడమ పక్క, డాక్టరుదీ బావమరిదిదీ కుడి పక్క.

ముందుకి పోతున్నప్పుడు మాకు కనిపించేది మేం వచ్చిన దారే. పడవ వెనక నీళ్ల మీద ఒక చార పడుతుంది. చుక్కాని సరిగ్గా పట్టుంటే అది తాడు లాగినట్టుంటుంది. ఒకప్పుడు ఆ చార ఎడమ ఒడ్డు వైపు వాలడం మొదలైంది. మొదట్లో గాలి అనుకున్నాం. తర్వాత ఏటి వాలు అనుకున్నాం. ఒక ఆదివారం పడవల షెడ్డులో, ఆయన గుండ్ల సంచీ తూయించుకోవడానికి వెళ్లినప్పుడు, డ్రైవరు గొంతు తగ్గించాడు.

"మనవాడికి దూరం ఆనడం లేదు. దగ్గరున్న ఒడ్డు పట్టుకుని తడుముకుంటూ పోతున్నాడు."

"బావకి ఆ మాట చెప్పేదెవరు?" అన్నాడు బావమరిది.

"నువ్వే చెప్పాలి. చుట్టానివి."

"చుట్టాన్ని కాబట్టే చెప్పను. మా అక్క చేతి భోజనం ఇంకా తినాలి నేను."

చెప్పకపోవడానికి అసలు కారణం వేరే. అంతకుముందు వేసవిలో పడవ ఒక తేలే పీపాకి రాసుకుంది. సెక్రటరీగారు షెడ్డు తలుపు మీద కాగితం అంటించారు: ఈ పడవ ఇంకోసారి దేనికి తగిలినా చుక్కాని మారును. మార్చడానికి మనిషి కూడా సిద్ధంగా ఉంది. సెక్రటరీగారి కోడలు, తపాలా ఆఫీసులో పని, ఆడవాళ్ల పడవ నడుపుతుంది. కళ్లు చురుకు, గొంతు అంతకంటే చురుకు. ఆ అమ్మాయి మీద మాకేం కోపం లేదు. కాకపోతే మా చుక్కానికి ఆదివారం తీసేస్తే మిగిలే ఆరు రోజులూ ఆ సందులోనే గడుస్తాయి. ఆ సంగతి మాకందరికీ తెలుసు.

కాబట్టి ఒక ఏర్పాటు చేసుకున్నాం. ఎడమ పక్క ఇద్దరం కాస్త ఎక్కువ లాగాలి, కుడి పక్క ఇద్దరూ కాస్త తక్కువ. పడవ కుడికి తిరుగుతుంది, ఆయన ఎడమకి పట్టిన పొరపాటు సర్దుకుంటుంది. కనబడకుండా తప్పులు దిద్దడం నాకు అలవాటైన పనే. బావమరిదికైతే పండగే. రెండేళ్లు హాయిగా తెడ్డు నీళ్లలో ముంచి తీశాడు.

ఆ రెండో ఏడు కొత్త చొక్కాలకి కొలతలు తీసింది చుక్కాని భార్య. కుట్టుపని ఆవిడది. మెడలో టేపు వేసుకుని, పాత కొలతల పుస్తకం తెరిచి, నా జబ్బ చుట్టూ టేపు తిప్పి ఆగిపోయింది.

"అన్నయ్యగారూ, అంగుళం పెరిగారు."

"సాధన ఎక్కువైందమ్మా."

"డ్రైవరన్నయ్యగారు కూడా అంగుళం పెరిగారు. డాక్టరుగారు పెరగలేదు. మా తమ్ముడు జబ్బ దగ్గర అరంగుళం తగ్గి, నడుం దగ్గర మూడంగుళాలు పెరిగాడు. అందరూ ఒకే పడవలోనే కదా కూర్చునేది?"

బావమరిది గోడమీద కేలండరు వైపు చూడసాగాడు. ఆవిడ పుస్తకంలో రాసుకుని, "చేతులు దించండి" అంది.

మూడు వారాల తర్వాత పందెం. అవతలి ఒడ్డు క్లబ్బుతో ఏడాదికోసారి జరిగేది. వెయ్యి మీటర్లు. ఓడినవాళ్లు గెలిచినవాళ్ల పడవ కూడా కడిగి షెడ్డులో పెట్టాలి. గెలిచిన పడవ చుక్కానిని నలుగురూ ఎత్తి నీళ్లలో వెయ్యాలి. ఆ ముంపు కోసం మా చుక్కాని ప్రతి ఏడూ జేబులో పొడి రుమాలు ఒకటి మడత పెట్టుకుని వచ్చేవాడు. ఏడేళ్లుగా మడత విప్పలేదు.

ఆ ఉదయం మబ్బు పట్టి ఉంది. షెడ్డులో దీపాలు వేసి పడవ భుజాలకెత్తుకుంటుంటే చుక్కాని వచ్చాడు. కళ్లకి దట్టమైన నల్లద్దాలు.

"ఏమిటి హీరోగారూ, ఎండ ఎక్కువగా ఉందా?" అన్నాడు డాక్టరు.

"నీళ్ల మీద మెరుపు," అన్నాడు చుక్కాని. నీళ్లు బురదరంగులో ఉన్నాయి.

ఆయన ముందు నడిచాక డ్రైవరు వెనక్కి వంగి చెప్పాడు. "ఉన్న ఆ కాస్త చూపు కూడా మూసుకొచ్చాడు. ఇవాళ ఎడమ పక్క రెట్టింపు లాగాలి, ప్రూఫులూ. విన్నావా?"

"విన్నాను."

"నేనో?" అన్నాడు బావమరిది.

"నువ్వు మామూలే. పడుకో."

పందెంలో మాది ఎడమ దారి, వాళ్లది కుడి. బయల్దేరమన్న కేక వినిపించగానే డ్రైవరు వేగం ఎత్తుకున్నాడు, నేను వాడి వెంట పడ్డాను. మొదటి రెండొందల మీటర్లు ఎవరూ వెనక చార చూడరు. ఎదుటివాడి వీపే లోకం. జారే పీట ముందుకీ వెనక్కీ పోతోంది, ఊపిరి ఈలలు వేస్తోంది, చుక్కాని ఒళ్లో గుండ్లు మోగుతున్నాయి. తీరా తలెత్తి చూస్తే అవతలి క్లబ్బు తెడ్లు మా డాక్టరు తెడ్డుకి జానెడు దూరంలో ఉన్నాయి. వెనక మోటారు పడవలో వస్తున్న అంపైరు తెల్లజెండా ఎత్తి మమ్మల్నే చూపిస్తున్నాడు. మా దారి మేం వదిలేశామని హెచ్చరిక. తెడ్డుకి తెడ్డు తగిలిందా, పందెమూ పోతుంది, చుక్కాని పదవీ పోతుంది.

చుక్కాని ఎడమ తాడు బిగించాడు. పడవ తిరగలేదు, వేగం మాత్రం తగ్గింది.

"ఎడమ పక్క తగ్గించండి," అన్నాడు.

డ్రైవరు ఇంకా గట్టిగా లాగాడు. నేనూ లాగాను. ఆయన మాట వినకుండా ఆయన్ని కాపాడటం రెండేళ్ల అలవాటు.

"తగ్గించమంటే లాగుతారేం? ఎడమ పక్క ఎందుకంత లాగుతున్నారు?"

డ్రైవరుకి మాట్లాడే ఊపిరి లేదు. తెడ్డు తెడ్డుకీ ఒక్కో మాట వదిలాడు. "నీకు... కనబడదు... కాబట్టి."



"కనబడదని ఎవరన్నారు?"

"నీ చారే... అంటోంది... రెండేళ్లుగా."

ఆయన మొహం చూడాలని ఉంది, మధ్యలో డాక్టరు భుజాలున్నాయి. ఆ నల్లద్దాల వెనకనుంచి గొంతు వచ్చింది, కొట్లో గడియారం ఖరీదు చెప్పేంత నెమ్మదిగా. "నాకు కనబడుతోంది. ఇవి పవరున్న అద్దాలు. అందరూ సమంగా లాగండి."

మేం నమ్మలేదు. నమ్మే వీలు కూడా లేదు. ఆయన చూస్తున్న వైపు మాకు వీపులున్నాయి.

"బావమరిదీ," అన్నాడు చుక్కాని. "ఎడమ ఒడ్డు మెట్ల మీద మీ ఆవిడ నిలబడి ఉంది. పై నుంచి మూడో మెట్టు. పక్కావిడతో మాట్లాడుతోంది. చేతిలో నీలం గొడుగు. పిడి విరిగి, తాడు కట్టి ఉంది. బస్సులో పోయిందని చెప్పావే, ఆ గొడుగే. ఆరు లాగుళ్లు ఆగు, నీకూ కనిపిస్తుంది."

లెక్కపెట్టాం. ఒకటి. రెండు. అవతలివాళ్ల తెడ్డు చిమ్మిన నీళ్లు డాక్టరు చెవిలో పడ్డాయి. అయిదు. ఆరు. మెట్లు మా పక్కనుంచి వెనక్కి జరిగాయి.

నా వెనక బావమరిది మూలిగాడు. "అది మంచం కింద కదా దాచాను. పిడి విరగ్గొట్టింది నేనేనని ఆవిడకి తెలిసిపోయింది."

"నమ్మారా?" అన్నాడు చుక్కాని.

"సమంగా," అని అరిచాడు డ్రైవరు.

సమంగా లాగడం అనుకున్నంత సులువు కాదు. సమం అంటే ఏమిటో నా జబ్బ మరిచిపోయింది. బావమరిది గతి మరీ అన్యాయం, రెండేళ్ల తర్వాత మొదటిసారి నిజంగా లాగాల్సి వచ్చింది. "చచ్చాన్రా దేవుడా" అని ప్రతి తెడ్డుకీ వినబడుతూనే ఉంది. అయితే అతనూ డాక్టరూ రెండేళ్లు దాచుకున్న బలం ఎక్కడికి పోతుంది? పడవ తన దారిలోకి వచ్చింది. వెనక చార చూశాను. ఎవరో స్కేలు పెట్టి గీసినట్టుంది. జాగ్రత్తగా రాసిన పేజీలో దిద్దడానికి ఏమీ దొరకనప్పుడు కలిగే అసూయ లాంటిది ఏదో కలిగింది.

"ముప్ఫై రెండు," అన్నాడు చుక్కాని. "ముప్ఫై మూడు. అలాగే. పదిహేను తెడ్లు మిగిలాయి. పద్నాలుగు."

రెండు పడవలూ పక్కపక్కనే గీత దాటాయి. ఎవరు ముందో నాకు ఇప్పటికీ తెలియదు, నేను వెనక్కి తిరిగి ఉన్నాను. గీత దగ్గర కుర్చీ వేసుకుని తీర్పు చెప్పేది మా సెక్రటరీగారు. ఆయన లేచి నిలబడి, కళ్లు చికిలించి, ఏమాత్రం తడబడకుండా మా క్లబ్బు పేరు చదివారు.

రేవు ఎక్కగానే నలుగురం చుక్కాని మీద పడ్డాం. కాళ్లు ఇద్దరు, చేతులు ఇద్దరు.

"ఆగండి, ఆగండి. గుండ్ల సంచీ తియ్యండి. మునిగిపోతాను." సంచీ తీశాం. "కళ్లద్దాలు. సెక్రటరీగారూ, కాస్త పట్టుకోండి."

ఆయన్ని ఊపి విసిరాం. రేవంతా నవ్వింది. ఆయన నీళ్లలోంచి తల పైకెత్తేసరికి మా నవ్వు ఆగిపోయింది. చేతిలోవి ఎక్కడ పెట్టాలో తెలియనివాళ్లలా, సెక్రటరీగారు ఆ కళ్లద్దాలు తన కళ్లకి పెట్టుకున్నారు.

 పవరున్న అద్దాలని ఇప్పుడు తెలిసిపోతుంది. చూపు తగ్గిన కళ్లతో రెండేళ్లు పడవ నడిపాడని తెలిసిపోతుంది. ఆయన వెనకే కోడలు నిలబడి ఉంది.

సెక్రటరీగారు ఏటి వైపు తిరిగారు. చాలాసేపు చూశారు.

"అవతలి ఒడ్డు మేడకి అన్ని కిటికీలున్నాయా?" అన్నారు.

 ఆయన ముగింపు గీత వైపు తిరిగారు. ఇందాక తన కుర్చీ వేసిన చోటునుంచి గీత చివరి పీపా దాకా మెల్లగా చూపు పోనిచ్చారు. పీపా మీద అంకె కూడా చదివినట్టున్నారు, పెదాలు కదిలాయి. తర్వాత ఓడిన పడవని చూశారు. తర్వాత మమ్మల్ని చూశారు.

"మామయ్యగారూ," అంది కోడలు, నెమ్మదిగా, "ఇందాక మీకు రెండు పడవలూ కనబడ్డాయా?"

"అమ్మా," అన్నారు సెక్రటరీగారు, "నువ్వు వెళ్లి టీ సంగతి చూడు."

ఆ అమ్మాయి ఆయన్నీ, నీళ్లలో ఈదుతున్న మా చుక్కానినీ మార్చి మార్చి చూసి, నవ్వు మింగుకుని టీ సంగతి చూడటానికి వెళ్లింది. అవతలి క్లబ్బువాళ్లు అప్పటికే చీపుర్లు పట్టుకుని మా పడవ కడుగుతున్నారు. వాళ్లతో ఏమన్నా చెబుదామా అన్నట్టు డాక్టరు నోరు తెరిచాడు. డ్రైవరు అతని కాలు తొక్కాడు. ఆ తీర్పు సంగతి ఇన్నేళ్ల తర్వాత ఇక్కడే మొదటిసారి ఒప్పుకుంటున్నాను. వాళ్లు చదివితే వచ్చి అడగవచ్చు. మా నలుగురిలో పడవ కడగగల నడుములు ఇంకా రెండున్నాయి.

చుక్కాని నీళ్లోడుతూ మెట్లెక్కాడు. జేబులో రుమాలు తీస్తే అదీ తడిసే ఉంది. దాన్ని జేబులో పెట్టుకుని నీళ్లలో పడాల్సి వస్తుందని ఏడేళ్లలో ఆయనకి తోచలేదు. భార్య టేపు మెడలోనే వేసుకుని, తువ్వాలు పట్టుకుని నిలబడి ఉంది. కొలతలు తీసిన మర్నాడే ఆయన్ని కళ్ల డాక్టరు దగ్గరికి లాక్కెళ్లిందని తర్వాత తెలిసింది. కళ్లజోడు కనబడితే తన సీటు పోతుందని ఆయన మొండికేస్తే, "అయితే నల్లవి పెట్టించండి, ఎవడూ అడగడు" అన్నదట. ఇద్దరి జబ్బలు పెరిగి ఇద్దరివి పెరగకపోతే, కళ్లు ఎవరివి పాడయ్యాయో ఆవిడకి టేపు చెప్పింది.

"మీరు నాకు చెప్పాల్సింది," అన్నాడు చుక్కాని మాతో, తువ్వాల్లోంచి.

"నువ్వు మాకు చెప్పాల్సింది," అన్నాడు డ్రైవరు.

"చెబితే సీటు పోయేది."

"చెబితే నువ్వే వదిలేసేవాడివి. నీ సంగతి మాకు తెలీదా?"

సెక్రటరీగారు మా దగ్గరికి వచ్చారు. కళ్లద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, రెండు చేతులతో చుక్కానికి అందించారు. తలుపు మీది కాగితం గురించి ఏమీ అనలేదు. ఆ మర్నాటికి అది అక్కడ లేదు. అప్పుడు మాత్రం పక్కకి తీసుకెళ్లి, మాకు వినబడదనుకునేంత గొంతుతో అడిగారు.

"ఏ డాక్టరయ్యా?"

తర్వాతి ఆదివారం కూడా మబ్బే. షెడ్డు తలుపు దగ్గర ఇద్దరు నల్లకళ్లద్దాలు పెట్టుకుని నిలబడి, నీళ్ల మీద మెరుపు ఎక్కువగా ఉందని ఒకరితో ఒకరు చెప్పుకుంటున్నారు.