చీర వెనకవైపు

గుజరాత్‌లో వడోద్‌లోని ఎంబ్రాయిడరీ కారఖానాలో ఊర్మిళ కంప్యూటర్ మీద చీరల డిజైన్లు గీస్తుంది. అందులో వేల ఫైళ్లున్నాయి. ఎవరికి తోచిన పేరు వాళ్లు పెట్టి పోయారు. ఊర్మిళకు ఆ బెంగ లేదు. తెలిసిన ముక్క టైపు చేసి, తెలియనిచోట నక్షత్రం గుర్తు పెట్టి వెతుకుతుంది. మా చుట్టాల పేర్లకూ అలాంటి గుర్తొకటి ఉంటే పెళ్లిళ్లలో నా పరువు దక్కేది.

ఒక మధ్యాహ్నం పక్క గల్లీ నర్సవ్వ వచ్చింది. కుట్టు పూర్తయిన చీరలు ఇంటికి తెచ్చుకుని, వేలాడే దారాలు కత్తిరించి ఇవ్వడం ఆమె పని. చూపు మందగించి ఈ నెలతో మానేస్తోంది. ఇన్నేళ్లూ చేతిలోంచి పోయిన చీరల్లో ఒక్కటీ ఆమె ఒంటిమీదికి రాలేదు. ఎప్పుడో చూసిన మామిడిపిందెల చీర మాత్రం మనసులో ఉండిపోయింది. అదొక్కటి కుట్టించుకుని కట్టుకోవాలని ఆశ. రేపే పాత కంప్యూటర్ తీసేస్తున్నారు, పాత ఫైళ్లన్నీ పోతాయి.

కారఖానా యజమాని సేఠ్ గుజరాతీవాడు కాబట్టి ఇక్కడ పిందెను కేరీ అంటారు. ఊర్మిళ 'కేరీ'కి అటూ ఇటూ నక్షత్రాలు పెట్టి వెతికితే వందలొచ్చాయి. ఆ చీరల మూటలు ఓంప్రకాష్ దుకాణానికి పోయేవని నర్సవ్వ చెప్పాక, 'కేరీ'కి ముందు 'ఓం' చేర్చింది. తెర నిండేటన్ని మిగిలాయి. ఒక్కొక్కటే తెరిచి చూపిస్తే నర్సవ్వ అన్నిటికీ అడ్డంగా తల ఊపింది. పెద్దావిడకు మతిమరుపేమోనని ఊర్మిళకు జాలి, విసుగు రెండూ కలిగాయి.

అంతలో నర్సవ్వ మెడ సాచి తెర వెనక్కి తొంగి చూసింది. ఊర్మిళకు నవ్వొచ్చింది, ఆ వెంటనే విషయం తట్టింది. దారాలు కత్తిరించేవాళ్లు చీరను తిరగేసి పట్టుకుంటారు. ఈమెకు బాగా గుర్తున్నది వెనకవైపే.

మళ్లీ మొదటినుంచి ఒక్కో డిజైన్‌నూ తిరగేసి, పిందెనుంచి పిందెకు సాగే దారాలతో సహా చూపించింది. కాసేపటికి నర్సవ్వ ఆమె చెయ్యి పట్టుకుంది.

"గిదే బిడ్డా. ఎన్ని దారాలున్నయో సూడు. దీన్ని గీసినోళ్లను తిట్టని పొద్దు లేదు. గానీ తిప్పి సూస్తే మనసు నిండేది."

అది పనిలో చేరిన కొత్తలో ఊర్మిళే గీసింది. దారాలు తగ్గించి గీయడం అప్పటికింకా రాదు. సిగ్గుపడుతూ ఆ మాట చెప్పేసి, ఇప్పుడు సరిచేస్తానని, ఒక్క దారం కూడా వేలాడకుండా కుట్టిస్తానని అంది.

నర్సవ్వ వద్దంది.

"అట్లనే ఉండనీ బిడ్డా, ఈ పెద్దమ్మ కోసం. గీ ఒక్క చీరకైన నా దారాలు నేను కత్తిరిచ్చుకుంట."