ఇంజనుకి నుదురెక్కడ?

ఈ రోజు పొద్దున్నంతా కూర్చుని కారుకి కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్, అంటే ఇంజనుకి చల్లగాలి అందించే గొట్టం, బిగించాను. పాత ఫిల్టరు డబ్బా పీకేసి, ఇంజను వేడి తగలని మూలకి లావుపాటి గొట్టం లాగి, దాని చివర కొత్త ఫిల్టరు పెట్టాలి. బోల్టు ఒకటి కిందకి జారిపోతే వెతకడానికే గంట పట్టింది.

తీరా స్టార్టు చేద్దామనేసరికి మా అత్తయ్యగారు పసుపూ కుంకుమా పట్టుకొచ్చారు. కొత్త మిక్సీకైనా బొట్టు పెట్టందే మీట నొక్కనివ్వరావిడ. వేలు తిన్నగా ఫిల్టరు మీదికే వెళ్లింది.

"అక్కడొద్దండి అత్తయ్యగారూ! గాలి పీల్చే చోటండి అది. కారుకి ముక్కులాంటిదండి," అన్నాను కంగారుగా.

ఆవిడ ఆగారు. "ఆయ్, ముక్కులో కుంకం పోస్తామేంటండీ! మరి దీనికి నుదురెక్కడో చూపించండి, అల్లుడుగారూ."

బండి గురించి నాకు తెలియనిది లేదనుకునేవాణ్ణి. బానెట్ కింద ఎంతసేపు తొంగిచూసినా నుదురు మాత్రం దొరకలేదు. ఆవిడ కుంకుమ వేలు ఎత్తుకుని అలాగే నిలబడ్డారు. చివరికి విసుగొచ్చి, ఆ బొట్టు నా నుదుటిన పెట్టేసి, "బిగించింది మీరే కదండీ, ఇంక స్టార్టు చేసుకోండి," అన్నారు.

కారు హుషారుగా గుర్రుమంది.

ఇంజనుకి నుదురెక్కడుంటుందో తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. దసరాకి ఆవిడ మళ్లీ కుంకుమతో వస్తారు.