స్కార్ఫు కింద చెంప

ఇరవై ఆరేళ్ళుగా మా మేనత్త దుప్పట్ల మీద ఎవరో గీసిన పూలే అద్దుతోంది. ఒక చేత్తో చెక్క అచ్చును అదిమి పట్టి, రెండో చేతి పిడికిలితో దాని వీపు మీద ఒక్క పోటు. పువ్వుకీ పువ్వుకీ మధ్య వెంట్రుకవాసి తేడా రాదు. అందుకే అద్దకం షెడ్డులో అందరూ ఆవిణ్ణి స్కేలత్త అంటారు. నేను కాలేజీ మానేసి ఎక్కడా నెల నిలవకపోతే, తన బల్లకి అవతలివైపు గుడ్డ లాగే పనిలో ఇరికించింది కూడా ఆవిడే.

చిన్నప్పుడు కాగుతున్న రంగు మీద పడి ఆవిడ చెంప కాలింది. ఇంట్లో తప్ప ఎక్కడా ఆ చెంప చూపించదు. చెవుల మీదుగా గడ్డం కిందికి స్కార్ఫు బిగించి ఉంటుంది, ఎంత ఉక్కపోసినా సరే.

ఈమధ్య పక్కవీధి లైబ్రరీ ఆవిడ షెడ్డుకి వచ్చి, "దుప్పట్లకి కాదు, మీకోసం ఒక్క బొమ్మ చెక్కండి. మా గోడకి పెడతాను" అంది. మిగతావాళ్ళు నవ్వి ఊరుకున్నారు. అత్త మాత్రం మూడు ఆదివారాలు ఉలి పట్టుకుని కూర్చుని చెక్క మీద తన మొహమే చెక్కుకుంది.

శనివారం పొద్దున్న షెడ్డులోనే ఆ అచ్చుకి రోలరుతో నల్లరంగు పూసి, మొదటి కాగితం అద్ది తీసింది. మధ్యాహ్నానికల్లా లైబ్రరీకి చేరాలి. కళ్ళు, నుదుటి గీతలు, పెదవి విరుపు, అన్నీ అత్తే. కాలిన చెంప ఉండాల్సినచోట మాత్రం గీతైనా లేని నల్లటి స్కార్ఫు.

"ఎలా ఉందిరా?"

"మొహం అదిరింది. ఇదేంటత్తా, రంగు ఒలికిందా?"

"స్కార్ఫురా వెధవా! ఇక్కడ అందరికీ కనిపించేది అదే కదా."

"ఎవరికి కనిపించేది? మచ్చ సంగతి అందరికీ తెలుసుగా."

ఆవిడ చేతిలో రోలరు ఆగిపోయింది. "ఏం తెలుసు?"

"నువ్వు అచ్చు కొట్టినప్పుడల్లా స్కార్ఫు జారుతుంది. రెండు చేతులూ అచ్చు మీదే ఉంటే దాన్ని పట్టుకునేదెవరు? వరస అయ్యాకే కదా సర్దుకుంటావ్."

నా నోటికి అడ్డూ ఆపూ లేదు. అనేశాను. ఆవిడ మెల్లగా షెడ్డు నడిపే మేస్త్రీ వైపు తిరిగింది.

"ఏమయ్యా, నీకూ తెలుసా?"

మేస్త్రీ టీ గ్లాసు కింద పెట్టాడు. "మొదటిరోజే చూశానమ్మా."

"మరి ఇరవై ఆరేళ్ళలో ఒక్కళ్ళూ నోరు విప్పలేదేం?"

"నువ్వు దాచుకుంటున్నావు కదా అని..."

అత్త స్టూలు మీద కూలబడింది. "ప్రతి ఎండాకాలం ఉడికి చచ్చాను కదయ్యా!"

 పదకొండు దాటింది. కాగితం చింపేస్తుందనే అనుకున్నాను. ఆవిడ అచ్చును ఒళ్ళో పెట్టుకుని సన్న ఉలి అందుకుంది. స్కార్ఫు ఉన్నచోట చెక్కను అంతకుముందు అసలు ముట్టుకోలేదు, నున్నగా అలాగే ఉంది, అందుకే అంతా నల్లగా పడింది. సరిగ్గా అక్కడ ఉలి దించింది.

"అత్తా, తీసేసిన చెక్క మళ్ళీ అతకదు!"

"నువ్వు నాకు చెప్తున్నావా?"

చెంప తడుముకోవడం, ఉలి ముందుకి నెట్టడం. గోడకున్న అద్దం వైపు చూడనే లేదు. చెవి దగ్గర అతుక్కుపోయిన మడత, గడ్డం దాకా దిగిన ముడతలు, ఒక్కొక్కటే వేళ్ళతో వెతికి చెక్కింది.

రెండో కాగితం లేపేసరికి బల్లలన్నీ ఆగిపోయాయి. మచ్చ మాకెవరికీ కొత్త కాదు. అయినా, ఇన్నాళ్ళూ దొంగచూపులు చూసినదాన్ని ఆవిడే తీసి చేతిలో పెట్టినట్టయింది. మేస్త్రీ తల దించుకున్నాడు.

"లైబ్రరీకి ఏది ఇవ్వమంటావ్?" అన్నాను.

"రెండోది. తడి ఆరనివ్వు. మీద వేలు పెట్టావంటే విరిచేస్తాను."

స్కార్ఫు మాత్రం ఇంకా బిగించే ఉంది.